వేలిముద్ర, జిరాక్స్ కాగితం, ఫోన్: మన వివరాలు మోసగాళ్ల చేతికి చిక్కకుండా చూసుకోవడం ఎలా

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న సంగతి నేడు చాలామందికి తెలుసు. అయినా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మన వివరాలు బయటికి పోవడం ఓటీపీ దాకా రాకముందే, మనం నమ్మకంగా ఇచ్చే కాగితాల దగ్గరే మొదలవుతున్నది. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మిన సొమ్మయినా, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల్లో రొయ్యల పట్టుబడి తర్వాత వచ్చే పైకమైనా ఒక్కసారిగా పెద్ద మొత్తంలో ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాకు కాపలా కాయవలసినది ముందుగా వేలిముద్ర దగ్గర.

ఆధార్ ఆధారిత చెల్లింపు పద్ధతిలో డబ్బు తీయడానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ను, ఓటీపీ, కార్డు ఏవీ అక్కరలేదు. పల్లెల్లో పింఛనుదారులకు, కూలీలకు ఈ పద్ధతి ఎంతో మేలు చేసిన మాట నిజం. అయితే రిజిస్ట్రేషన్ చట్టంలోని 32ఎ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజు మీద అమ్మినవారి, కొన్నవారి ఫొటోలతో పాటు వేలిముద్రలు కూడా ఉంటాయి. అలాంటి దస్తావేజుల నకళ్లలోని ముద్రలను అచ్చు తీసి, ఆ నకిలీ వేళ్లతో ఖాతాల్లోని డబ్బు కాజేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. కాబట్టి పొలం బేరానికి వచ్చిన మధ్యవర్తి దస్తావేజు చూపమంటే, వేలిముద్రలున్న పేజీని వాట్సాప్‌లో పంపకండి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఉన్న పేజీలు ఆయనకు సరిపోతాయి. బ్యాంకుకో న్యాయవాదికో పూర్తి నకలు ఇవ్వవలసి వస్తే నేరుగా వారి చేతికే ఇవ్వండి.

దీనికి గట్టి విరుగుడు బయోమెట్రిక్ లాక్. ఆధార్ సంస్థ యాప్‌లోగాని, మైఆధార్ వెబ్‌సైట్‌లోగాని ఈ సదుపాయం ఉచితంగా లభిస్తుంది. ఆధార్‌కు అనుసంధానమైన మొబైల్ నంబరు మీ దగ్గర ఉండాలి. ఒకసారి లాక్ పడిన తర్వాత ఎవరు మీ ముద్రను యంత్రం మీద పెట్టినా ధ్రువీకరణ జరగదు. ఇందులో ఒక చిక్కు ఉంది, దానిని ముందే తెలుసుకోవాలి. చౌక డిపోలో బియ్యం తీసుకునేటప్పుడు, ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది పింఛను ఇచ్చేటప్పుడు మీ అసలు వేలిని కూడా యంత్రం ఒప్పుకోదు. అప్పుడు తాత్కాలికంగా లాక్ తీయాలి. ఇంట్లో పెద్దవారి ఆధార్‌కు లాక్ వేసే పిల్లలు, తాము ఉద్యోగరీత్యా బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటే, ఆ సమయానికి లాక్ తీసే బాధ్యత ఎవరిదో ముందే అనుకోవాలి. అది అనుకోకుండా లాక్ వేస్తే అవ్వకు పింఛను అందదు. అదే వెబ్‌సైట్‌లో మీ ఆధార్‌ను గత ఆరు నెలల్లో ఎప్పుడెప్పుడు ధ్రువీకరణకు వాడారో కూడా కనిపిస్తుంది. మీరు వేలు పెట్టని రోజున నమోదు కనిపిస్తే ఆధార్ సంస్థ నంబరు 1947కు ఫోన్ చేసి అడగండి.

డబ్బు ఇచ్చే చోట ఇంకొక జాగ్రత్త అవసరం. "వేలు సరిగా పడలేదు, మళ్లీ పెట్టండి" అని నిర్వాహకుడు అంటే, యంత్రం తెర మీద ఏం వచ్చిందో చూపమని అడగండి. మొదటి ముద్రకే డబ్బు డ్రా అయిపోయి, రెండో ముద్రతో ఇంకొకసారి తీసే అవకాశం ఉన్నది. చేతికి వచ్చిన సొమ్ము, రసీదులోని సొమ్ము, ఫోన్‌కు వచ్చిన సందేశంలోని సొమ్ము ఒక్కటేనా అని అక్కడే సరిచూసుకోవాలి. చదవడం రాని వారికి పక్కనున్నవారు ఈ సాయం చేయడం ధర్మం. సిమ్ కార్డు కొనే చోట కూడా ఇంతే. రెండోసారి పెట్టిన వేలితో మీ పేరున మరో సిమ్ బయటికి పోవచ్చు. మీ పేరున ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకుని, మీవి కానివాటి మీద అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

ఇక జిరాక్స్ దుకాణం సంగతి. నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా, ఫోన్‌లోని ఆధార్‌ను దుకాణం నంబరుకు వాట్సాప్ చేసి ప్రింటు తీయించుకోవడం మామూలైపోయింది. ప్రింటు చేతికి వస్తుంది, కాని ఆ ఫైలు దుకాణం కంప్యూటరులోని డౌన్‌లోడ్స్ ఫోల్డరులో వందలాది మంది కార్డులతో పాటు అలాగే ఉండిపోతుంది. మీ కళ్లెదుటే దానిని తొలగించమని అడగడంలో మొహమాటం వద్దు. మసకగా వచ్చిందని పక్కన పడేసిన కాపీని కూడా అడిగి తీసుకుని చింపివేయండి. ఇచ్చే ప్రతి కాపీ మీద, బొమ్మకు అడ్డంగా, "గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే" అన్నట్లు పని పేరు, తేదీ రాసి సంతకం చేయాలి. లాడ్జీలో గది తీసుకోవడం వంటి పనులకు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది.

ఫోన్ విషయంలో నేడు అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు. పెళ్లి శుభలేఖ, పీఎం కిసాన్ జాబితా, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లో వస్తుంది. బావగారి నంబరు నుంచి వచ్చింది కదా అని నొక్కుతాము, కాని అప్పటికే ఆయన ఫోన్ మోసగాళ్ల చేతిలో ఉండవచ్చు. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గాని ఇన్‌స్టాల్ చేయమని అడగదు. ఆ ఫైలు ఫోన్‌లోకి ఎక్కిందంటే సందేశాలు చదివే అనుమతి తీసుకుని, మీరు చెప్పకుండానే ఓటీపీలు అవతలికి చేరవేస్తుంది. పొరపాటున ఎక్కించి ఉంటే వెంటనే డేటా, వైఫై ఆపి, వేరొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపివేయించండి. ఆ తర్వాతే ఫోన్ శుభ్రం చేయించే మాట. యూపీఐ పిన్ను డబ్బు పంపడానికే గాని రాబట్టుకోవడానికి ఎన్నడూ అవసరం లేదు. పోలీసులమని చెప్పి ఎవరైనా బెదిరించినా, ఫోన్‌లో "అరెస్టు" చేసే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు.

పాన్ కార్డుతో మీ పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలియాలంటే అప్పుల వివరాలు నమోదు చేసే సిబిల్ వంటి సంస్థల నుంచి క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ప్రతి సంస్థా ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

ఇంత చేసినా డబ్బు పోతే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మోసగాళ్లు సొమ్మును ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు నిమిషాల్లో మళ్లిస్తారు, అది బయటికి పోకముందే ఫిర్యాదు అందితే మధ్యలో ఆపే వీలుంటుంది. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని మాట్లాడండి. తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన అనధికార లావాదేవీని, బ్యాంకు నుంచి దాని సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. పిన్నో ఓటీపీయో మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మీ మీదే పడుతుంది. చేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు చేసిన సమయానికి రుజువు ఉండాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, ఆ కాగితాలతో, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు పెట్టవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.