బోర్డో ఎర్ర వైన్, నాలుగో పాఠం: పాత సీసా, కొత్త సీసా

కిందటి పాఠంలో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు నేల సంగతి చూశాం: నదికి ఎడమ గట్టున గులకరాళ్లు, కాబెర్నే సోవిన్యాన్ ద్రాక్ష, కుడి గట్టున బంకమట్టి, సున్నపురాయి, మెర్లో. ఈసారి పాఠం భోజనాల బల్ల దగ్గర. నలుగురైదుగురు స్నేహితులు, రెండు సీసాలు, ఒక పూట తీరిక ఉంటే చాలు.

సీసాలు రెండూ ఒకే తోటవి కావాలి. తోట మారితే మీకు కనిపించే తేడా వయసుదో మట్టిదో తేల్చుకోలేరు. ఎడమ గట్టున ఉన్న మెడాక్ ప్రాంతంలోని ఏదో ఒక షాతో, అంటే సొంత తోటతో వైన్ చేసే ఎస్టేటు, ఎంచుకుని, మధ్యలో ఇరవై ఏళ్ల ఎడం ఉండేలా చూడండి. నేను 1996, 2016 పెట్టుకుంటాను. 1996లో సెప్టెంబరు ఎండలు ఎడమ గట్టు కాబెర్నేకు బాగా కలిసొచ్చాయి. 2016లో వేసవి పొడిగా గడిచి, సరిగ్గా కోతల ముందు కాస్త వాన పడింది. వానల్లో తడిసిన 2013 లాంటి ఏడాదిని మాత్రం ఇందులోకి తేవద్దు. అప్పుడు మీరు పోల్చేది వయసును కాదు, వానను. మేటి షాతోలకు వరుసలు కట్టిన 1855 నాటి జాబితాకెక్కిన పెద్ద పేర్లే ఉండాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. మంచి ఏడాదిలో చేసిన క్రూ బూర్జువా (ఆ జాబితాలో లేని మెడాక్ షాతోల శ్రేణి) సీసా ఇరవై ఏళ్లు నిక్షేపంగా నిలుస్తుంది.

సీసాకు 750 మిల్లీలీటర్లు. ఆరుగురికి 60 చొప్పున రెండు విడతలు పోసినా అడుగున కొంచెం మిగులుతుంది. పాత సీసాలో ఆ మిగిలేది ఎలాగూ తాగే సరుకు కాదు, మడ్డి.

పాత సీసాను ఒకరోజు ముందే నిలబెట్టి ఉంచండి. బిరడా మెత్తబడి ఉంటుంది కాబట్టి మర స్క్రూ దింపితే పొడి పొడిగా రాలుతుంది. రెండు పలుచని రేకులున్న పరికరాన్ని బిరడాకు అటూ ఇటూ దించి, తిప్పుతూ లాగడం మేలు. తర్వాత సీసా మెడ కింద కొవ్వొత్తి గానీ ఫోను లైటు గానీ పెట్టుకుని, గాజు కూజాలోకి ఒకే ధారగా వంచండి. కాచిన నెయ్యిని అడుగు మడ్డి కలవకుండా వంచుతాం కదా, ఆ నేర్పే ఇక్కడా. బోర్డో సీసాకు ఎత్తైన భుజాలుంటాయి. నల్లటి పొగలాంటి తీగ ఆ భుజం దాటి మెడలోకి రాగానే చెయ్యి ఆపాలి. ఈ పని వడ్డనకు ముందే, ఆలస్యం లేకుండా చేయాలి. కొత్త వైన్‌ను మాత్రం రెండు గంటల ముందే కూజాలో పోసి గాలి తగలనివ్వండి. దానికి తేర్చడంతో పని లేదు, కావలసింది గాలి.

వేడి సంగతి ఒక్క మాట. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. ఫ్రాన్సులో రాతి గోడల ఇళ్ల నాటి గది వేడి అది. హైదరాబాదు గది వేడి కాదు. మన ఊళ్లో అయితే ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

ఇప్పుడు ఏ గ్లాసు ముందు? ఇందులో నేనొకసారి దెబ్బతిన్నాను. బోర్డో నగరంలో ఒక స్నేహితుడి ఇంట్లో, చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్లాలన్న అక్కడి ఆనవాయితీ ప్రకారం కొత్త వైన్ ముందు పోశాను. ఖాళీ కడుపు మీద అందరూ తలా రెండు గుటకలు వేశారు. ఆ తర్వాత పాతది పోస్తే, ఎదురుగా కూర్చున్నాయన మర్యాదకు కాసేపు ఆగి, "ఇది నీళ్లలా ఉంది" అన్నాడు. తప్పు వైన్‌ది కాదు, నాది.

కారణం వగరు. ఈ రుచికి మనకు సొంత మాట ఉండడం ఎంత సుఖమో ఇలాంటి చోట తెలుస్తుంది. పచ్చి అరటికాయ, వక్క, కరక్కాయ నోట్లో వేసుకుంటే నాలుక బిగదీసుకుపోతుంది కదా, ఎర్ర వైన్‌లోదీ అదే జాతి. ద్రాక్ష తొక్కలోని, గింజలోని టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. నోటికి జారుడు పోయి గరుకు తేలుతుంది. గుటక గుటకకూ అది పేరుకుంటుంది కూడా. అలా బిగిసిన నోటికి పాత వైన్ అందదు.

అందుకని నా పద్ధతి ఇది. రెండూ ఒకేసారి పోయండి, నోట్లోకి పాతదాన్నే ముందు తీసుకోండి.

అంతకుముందు తెల్లగుడ్డ మీద గ్లాసులు వంచి అంచులు చూడండి. కొత్తది నేరేడు రసంలా ఊదా కలిసిన నలుపు, అంచు దాకా అదే రంగు. పాతది నడుమ ఎరుపు, అంచుకు వచ్చేసరికి ఇటుక రంగు, చివర ఒక నారింజ గీత. ఏళ్ల తరబడి రంగు పదార్థాలు, టానిన్లు ఒకదానితో ఒకటి ముడిపడి, బరువెక్కి అడుగుకు దిగుతాయి. ఇందాక కూజాలోకి రానివ్వకుండా ఆపిన మడ్డి అదే. అంటే వైన్ వగరులో కొంత ఆ సీసా అడుగునే ఉండిపోయిందన్నమాట.

వాసన దగ్గర తొందరపడకండి. కొత్తదానిలో కాసిస్ అనే నల్లటి చిన్నపండు వాసన వస్తుందంటారు. మన ముక్కుకు దగ్గర పోలిక బాగా మాగిన నేరేడే. దాని వెనక కొత్త ఓక్ పీపా పెట్టిన వెనిల్లా, కాల్చిన చెక్క. పాతదానిలో పండు వెనక్కి తగ్గి, పెన్సిలు చెక్కిన పొట్టు, తోలు, తడి ఆకులు, పుట్టగొడుగులు ముందుకొస్తాయి. పొగాకు కూడా. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ల పక్కన పెరిగినవాళ్లకు పాత మెడాక్ వాసన ఒకరు నేర్పనక్కర్లేదు.

ఇక మాంసం రానివ్వండి. మెడాక్‌లోని పొయాక్ ఊరి గొర్రెపిల్ల మాంసం గానీ, ఎండిన ద్రాక్షపుల్లల నిప్పుల మీద కాల్చిన పశుమాంసం గానీ అక్కడి వాడుక. కొవ్వు, ఉప్పు ఉన్న ముక్క నమిలి కొత్త వైన్ గుటక వేస్తే, ఇందాక చిగుళ్లను పట్టుకున్న వగరు ఈసారి మాంసాన్ని పట్టుకుంటుంది. నోరు శుభ్రపడుతుంది, వెనక దాగిన పండు బయటికొస్తుంది. నన్నడిగితే మాంసం పళ్లెం పక్కన గెలిచేది కుర్రదే. పాతదానికి ఆ గొడవ వద్దు. పళ్లెం తీసేశాక, రొట్టెముక్కతోనో ఎండిన గట్టి చీజ్‌తోనో దాన్ని మళ్లీ అందుకోండి. నీలి బూజు చీజ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, పాత వైన్ మాట వినిపించదు.

అలాగని పాతదాన్ని మరీ నిలవబెట్టకండి. పోసిన పది నిమిషాలకు విప్పుకుంటుంది, అరగంటకు నిండుగా ఉంటుంది, గంట దాటితే చాలా సీసాలు నీరసిస్తాయి. "నీళ్లలా ఉంది" అన్నాయనకు మరుసటి ఏడాది ఇదే వరసలో పోశాను. పాత గ్లాసును ముక్కు దగ్గరే పెట్టుకుని, వడ్డించిన మాంసం చల్లారేదాకా దించలేదు.

ఇంటిపని: రెండు గ్లాసుల్లోనూ ఒక్కో గుటక మిగిల్చి, మూత పెట్టకుండా వదిలేయండి. మర్నాడు ఉదయం ఏది నిలబడిందో, ఏది కూలిందో వాసన చూసి రాసుకోండి. వచ్చే పాఠంలో తడిసిన అట్టపెట్టె వాసన వేసే సీసాల గురించి; ఆ నేరం వయసుది కాదు, బిరడాది.