పాటల పండక్కి ముందు తేదీ సరిచూసుకోండి

విజయనగరంలో ఉంటూ డిసెంబరు 4న ఘంటసాల ఫొటో ఒకటి స్టేటస్‌లో పెట్టేసి అయిపోయిందనుకోవడం నాకెందుకో నామోషీగా ఉంటుంది. ఆయన సంగీతం నేర్చుకున్నదే మన ఊళ్లో కదా. అపార్ట్‌మెంట్ మేడ మీదో, లైబ్రరీ హాల్లోనో ఇరవై ముప్ఫై మందితో గంటన్నర పాటల సాయంత్రం పెట్టుకోవడం పెద్ద పనేం కాదు. నేను తప్పులు చేసి నేర్చుకున్నది చెప్తాను, మీరు చెయ్యకండి.

మొదట ఒక గోడ క్యాలెండర్ తెచ్చుకుని మన వైపు వాళ్ల తేదీలు మాత్రమే గుర్తు పెట్టుకోండి. దేశంలో ఉన్న గాయకులందరినీ ఎక్కిస్తే రోజుకొకరు తగుల్తారు, ఏదీ చెయ్యలేం. నా క్యాలెండర్‌లో ఉన్నవి ఇవి: ఆగస్టు 31, ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన రోజు, 1864, బొబ్బిలి దగ్గర అజ్జాడ. 1919లో పెట్టిన మన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. అక్టోబరు 11, సాలూరి రాజేశ్వరరావు, 1922, సాలూరు దగ్గర శివరామపురం. (సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది, అయినా నేను వదలను.) నవంబరు 13, పి. సుశీల, 1935, అచ్చంగా విజయనగరం. ఆగస్టు 4, వంగపండు ప్రసాదరావు వర్ధంతి, 2020. ఘంటసాలకు రెండున్నాయి: 1922 డిసెంబరు 4న జయంతి, 1974 ఫిబ్రవరి 11న వర్ధంతి.

తేదీ రాసుకునేటప్పుడు అది దేని తేదీయో కూడా పక్కన రాయండి. బాలు మొదటి పాట అని మనం గుర్తుచేసుకునే 1966 డిసెంబరు 15 రికార్డింగ్ జరిగిన రోజు, సినిమా వచ్చింది మరుసటి ఏడాది. 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది లాస్ ఏంజెలెస్‌లో 2023 మార్చి 12 సాయంత్రం, మనం టీవీ ముందు కూర్చుని చూసింది 13 పొద్దున. త్యాగరాజ ఆరాధన అయితే పుష్య బహుళ పంచమికి, కాబట్టి ఇంగ్లిషు తేదీ ఏటా మారుతుంది. ఇక తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సంగతి చూడండి, 1931 సెప్టెంబరు 15 అని ఎన్నేళ్లు రాసుకున్నామో, చివరికి పాత పత్రికలూ సెన్సార్ కాగితాలూ తిరగేస్తే 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. ఫార్వర్డ్ మెసేజ్ చూసి పోస్టర్ వెయ్యకండి.

పోస్టర్ అంటే గుర్తొచ్చింది. ఒకసారి ఫిబ్రవరి 11కి ఫ్లెక్సీ ఆర్డరిచ్చాను, వాళ్లు పాత డిజైన్‌లో ఫొటో మార్చేసి, కింద కేకు, రెండు పక్కలా బెలూన్లు, పైన 'శుభాకాంక్షలు' అలాగే వదిలేశారు. ప్రూఫ్ ఫోన్‌లో వచ్చింది, నేనే చూడకుండా ఓకే కొట్టాను. సాయంత్రం మెట్లెక్కి వచ్చిన పెద్దాయన ఒకాయన ఫ్లెక్సీ ముందు ఆగి, కళ్లజోడు సర్దుకుని, "పోయినాయనకి కేకేటి బాబూ?" అన్నారు. బెలూన్ల మీద బంతిపూల దండలు వేలాడదీసి గట్టెక్కాం.

పాటలు ఎనిమిది చాలు. పన్నెండు పెడితే చివరి నాలుగూ కుర్చీలు వింటాయి. జీవిత చరిత్ర మొత్తం చదవకండి, ఒక్క సంగతి చెప్పండి. ఘంటసాలకైతే జోలె సంగతి చాలు: గురువు పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర చేరినప్పుడు, మధుకరానికి వెళ్లమని ఆయన జోలె చేతికిస్తే, ఈ వీధుల్లోనే ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకుని పాఠం నేర్చుకున్నాడు. ఇది చెప్పి వెంటనే పాట మొదలెడితే హాలు నిశ్శబ్దంగా వింటుంది. మిగతా పాటలకు రేడియోలోలా సినిమా, రచన, సంగీతం, పాడినవారు, అంతే.

పాడేవాళ్లకు కనీసం వారం ముందు ట్రాక్ ఇచ్చి శ్రుతి చూసుకోమనండి. సుశీల పాటలు అసలు శ్రుతిలోనే పాడాలని పట్టుబడితే పై స్థాయిలో గొంతు కీచుమంటుంది, ఒక మెట్టు దించుకుంటే ఆవిడకు అవమానమేం కాదు. గిన్నిస్ వాళ్లు 2016లో ఆవిడ పాటలు 17,695 అని లెక్కేశారు, అందులో మీ గొంతుకు సరిపడేవి ఎనిమిది దొరకవా?

మైకు రాత్రి పది దాటకూడదు, బయట పెట్టేటట్లయితే పోలీసుల అనుమతి తీసుకోండి. ఒరిజినల్ పాట వేస్తూ ఫేస్‌బుక్ లైవ్ పెడితే కాపీరైట్ అని మధ్యలో సౌండ్ ఆపేస్తుంది, మావాళ్లు పాడిందంతా మూగ వీడియోగా మిగిలింది ఒకసారి. టీ మాత్రం ఆఖర్న ఇవ్వండి, మధ్యలో ఇస్తే సగం మంది గ్లాసుతో పాటు కిందికి దిగిపోతారు.

నవంబరు 13తో మొదలెట్టాలనుకుంటే హాలు అక్టోబరులోనే అడిగి పెట్టుకోండి. చాలాసార్లు అది కార్తీకమాసంలో పడుతుంది, అప్పుడు ఖాళీ హాలే కాదు, ఖాళీగా ఉన్న తబలా అబ్బాయి కూడా దొరకడు.