మంచి నాన్‌ఫిక్షన్ పుస్తకం వెతుక్కోవడం, చదువుకోవడం ఎలా?

మా ఇంట్లో టీవీ స్టాండుకి ఒక కాలు పొట్టి. ఏడేళ్లుగా దాని కింద ఒక లావుపాటి చరిత్ర పుస్తకం ఉంది. ఎవరో బాగుందన్నారని, అట్ట కూడా దర్జాగా ఉందని ఐదొందలు పోసి కొన్నాను. నలభై పేజీలు చదివేసరికి కళ్లు మూతలు పడ్డాయి. పుస్తకాన్ని తప్పుపట్టలేను. దానితో నాకేం పనో తెలియకుండానే కొనుక్కొచ్చాను.

నవలయితే కథే మనల్ని లాక్కుపోతుంది. చరిత్ర, ఆత్మకథ, యాత్ర, సైన్సు, ఆరోగ్యం లాంటి పుస్తకాలకి ఆ ఊపు ఉండాలంటే మన దగ్గర ముందే ఏదో ఒక కుతూహలం ఉండాలి. ఆ స్టాండు కింద పుస్తకం తర్వాత నేను కొనే పద్ధతి, చదివే పద్ధతి మార్చుకున్నాను. అదే ఇక్కడ వరసగా చెబుతాను.

1. ముందు ప్రశ్న పట్టుకోండి

"నాకు చరిత్రంటే ఇష్టం" అనుకుంటే లాభం లేదు. అంత పెద్ద చెరువులో ఏ గాలమూ పనిచేయదు. ఒక కాగితం తీసుకుని, చాలాకాలంగా మనసులో నలుగుతున్న మూడు చిన్న ప్రశ్నలు రాయండి. మా ఊరి చెరువు ఎవరు తవ్వించారు? షుగరు మాత్ర వేసుకుంటే ఒంట్లో ఏం జరుగుతుంది? పట్టుచీర అంచు మగ్గం మీద ఎలా వస్తుంది? ఇలాంటివి. పిల్లలు అడిగితే మీరు "తర్వాత చెబుతాలే" అని తప్పించుకున్నవి అయితే మరీ మంచిది.

నా ప్రశ్న మా నాయనమ్మ నుంచి వచ్చింది. మాది కడప వైపు. "కాశీకి పోయినోడు కాటికి పోయినోడితో సమానం" అని ఆవిడ తరచూ అనేది. చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. రాత్రి రైలెక్కి పడుకుంటే సరిపోయే ప్రయాణానికి ఇంత భయమేంటి అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఒక రోజు తట్టింది: రైలే లేనప్పుడు ఎలా వెళ్లేవాళ్లు? దారిలో ఏం తినేవాళ్లు? రాత్రి ఎక్కడ పడుకునేవాళ్లు? దొంగలొస్తే?

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న వెంటే నడిపిస్తాను. మీరు చదివేటప్పుడు దాని స్థానంలో మీది పెట్టుకోండి.

2. వెతకడం లైబ్రరీ నుంచి మొదలుపెట్టండి

ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు కూడా కడుతున్నాం. అంటే జిల్లా గ్రంథాలయంలో పుస్తకాలకి మనం ముందే డబ్బు ఇచ్చేశాం, తీసుకోవడమే మిగిలింది. పోటీ పరీక్షల కుర్రాళ్లతో కుర్చీలన్నీ నిండి ఉంటాయి కానీ బీరువాల దగ్గర రద్దీ ఉండదు. చాలాచోట్ల పుస్తకాల వెన్ను మీద, విషయాన్ని బట్టి వేసే డ్యూయీ అంకెలు ఉంటాయి. 500ల్లో సైన్సు, 610 దగ్గర వైద్యం, 630 దగ్గర వ్యవసాయం, 910 దగ్గర యాత్రలు, 920 దగ్గర జీవిత చరిత్రలు, 954 దగ్గర మన దేశ చరిత్ర. ఒక పుస్తకం దొరికితే దానికి అటు రెండు, ఇటు రెండు కూడా తీసి చూడండి. నాకు బాగా నచ్చిన పుస్తకాల్లో సగం అలా పక్కన నిలబడి కనిపించినవే.

లైబ్రేరియన్‌ని "మంచి పుస్తకం ఉందా సార్?" అని అడక్కండి, ఆయనేం చెప్పగలడు? మీ ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పండి. నేను "రైలు రాకముందు కాశీ ఎలా వెళ్లేవాళ్లండీ?" అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చదవలేదా?" అన్నాడు. ఒక్క మాటలో పని అయిపోయింది.

పాత పుస్తకాలు కావాలంటే పాత గ్రంథాలయాలకే వెళ్లాలి. హైదరాబాదు సుల్తాన్ బజారులో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. చీరాల పక్కన వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తుంటారు. కొనుక్కోవాలంటే డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. మొదటి రోజు ఏమీ కొనకుండా కేటలాగులు మాత్రం తెచ్చుకుని, ఇంట్లో తీరిగ్గా గుర్తులు పెట్టుకుని, రెండోసారి వెళ్లి కొంటే జేబు బతుకుతుంది. (ఈ నియమం నేను ఎప్పుడూ పాటించలేదు. మీరైనా పాటించండి.)

ఆదివారం పూట ఆబిడ్స్, కోఠీ ఫుట్‌పాత్‌ల సంగతి వేరు. అక్కడ మనం వెతికింది దొరకదు, దొరికిందే మనం వెతుకుతున్నదని తర్వాత తెలుస్తుంది. ఒకసారి పోటీ పరీక్షల గైడ్ల గుట్ట అడుగున అట్ట ఊడిన యాత్రా పుస్తకం కనబడింది. మొదటి పేజీ మీద ఏదో మూతపడ్డ లైబ్రరీ ఊదారంగు ముద్ర, వెనక తేదీల చీటీ. ఆ చీటీలో చివరి తేదీకీ నేను కొన్న రోజుకీ మధ్య ముప్ఫై ఏళ్లు. లోపల ఎవరో పెన్సిల్‌తో "అబద్ధం!" అని రెండు చోట్ల రాశారు. అతను ఎనభై అడిగాడు, నేను నలభై అన్నాను, యాభైకి తెగింది. ఆ "అబద్ధం!" ఎందుకన్నారో తెలుసుకోవాలని పుస్తకమంతా చదివేశాను.

దూరదేశాల్లో ఉన్నవాళ్లకి పాత పుస్తకాలు ఉచితంగా చదువుకునే ఆర్కైవ్ డాట్ ఆర్గ్, తెలుగు వికీసోర్స్ సైట్లు ఉన్నాయి. ఆర్కైవ్‌లో ఒక చిక్కుంది. పాత డిజిటల్ లైబ్రరీ స్కాన్లకి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, దీర్ఘాలకి అచ్చులు రెట్టించి, ఒక్కోటి ఒక్కో రకంగా పెట్టారు. ఒకే పేరుని నాలుగు స్పెల్లింగులతో వెతకండి. అప్పటికీ రాకపోతే రచయిత ఇంటిపేరుతో వెతకండి.

3. కొనే ముందు ఐదు నిమిషాలు

వెనక అట్ట మీద పొగడ్తలు చదవకండి, అవి పెళ్లిచూపుల్లో చెప్పే మాటల్లాంటివి. ముందు అచ్చు వివరాల పేజీ తిప్పండి. మొదటి ముద్రణ ఎప్పుడో, అనువాదమైతే మూలం ఎప్పటిదో అక్కడ ఉంటుంది. వైద్యం, సైన్సు, చట్టాల పుస్తకాలకి ఇది చాలా ముఖ్యం. 1985 నాటి గుండెజబ్బుల పుస్తకం కొత్త అట్టతో కొత్తదానిలాగే మెరుస్తుంది.

తర్వాత విషయసూచిక. మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న అధ్యాయం ఒక్కటైనా ఉందా? ఉంటే దానికి పోయి నడిమధ్య ఒక పేజీ చదవండి. ముందుమాట మీద సమయం పెట్టకండి, మన ముందుమాటలు ఎక్కువగా స్నేహం కొద్దీ రాసినవి. నడిమధ్య పేజీలో రచయిత మొహమాటం లేకుండా దొరికిపోతాడు. ఊరి పేరు, సంవత్సరం, మనిషి, లెక్క ఏదైనా ఉందా, లేక "మన ప్రాచీన వైభవం", "అద్భుతమైన విజ్ఞానం" లాంటి మాటలే ఉన్నాయా? రెండోరకమైతే కింద పెట్టేయండి. అనువాదమైతే ఆ పేజీనే పెదాలు కదిపి చదవండి. ఊపిరి రెండుసార్లు అడ్డుపడితే మూడొందల పేజీలు మోయలేరు.

చివర్లో పదసూచిక, ఆధార గ్రంథాల పట్టిక ఉన్నాయేమో చూడండి. తెలుగు పుస్తకాల్లో పదసూచిక ఉండటమే తక్కువ. ఎందుకు వేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది లేదని పుస్తకం వదులుకోకండి కానీ, ఉంటే మాత్రం ఆ ప్రచురణకర్త పేరు గుర్తుపెట్టుకోండి.

4. మొదటి పేజీ నుంచే చదవాలని ఎక్కడా లేదు

ఇక కాశీయాత్ర దగ్గరికి వద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య గారు అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్, అంటే దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని తీరం వెంట 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగొచ్చారు. అంటే పదిహేను నెలల పైన పదిహేను రోజులు. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి రాస్తూ పోయారు. ఆ స్నేహితుడే 1838లో దాన్ని అచ్చు వేయించారు.

నేను మొదటి పేజీతో మొదలుపెట్టి మూడో పేజీలో ఆగిపోయాను. వాక్యం మొదలైతే అంతు దొరకదు. అప్పుడు పుస్తకం పక్కన పెట్టకుండా కడప దగ్గరికి దూకాను. మన ఊరి పేరు కనబడగానే కళ్లు వాటంతటవే పరిగెడతాయి. ఏ మజిలీకి ఎంత దూరం, దారి రాళ్లదా ఇసకదా, నీళ్లున్నాయా, సామాన్లు దొరికే అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని ఆయన ఊరూరికీ రాస్తారు. నాయనమ్మ భయం నాకు అక్కడ అర్థమైంది. ఇప్పుడు మనం హోటల్ రివ్యూల్లో చూసేది కూడా ఇదే కదా!

కాబట్టి మీరు కూడా మీకు తెలిసిన ఊరు, మీ వృత్తి, మీ జబ్బు ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టండి. రుచి తగిలాక వెనక్కి రండి.

పాత భాష కష్టమైతే ఇంకో రెండు చిట్కాలు. ఒకటి, పైకి చదవండి. కంటికి కొరుకుడుపడని వాక్యం చెవికి తేలిగ్గా అందుతుంది, ఎందుకంటే అది మాట్లాడే మనిషి గొంతు. రెండు, టీకా, అంటే వివరణలు ఉన్న ముద్రణ వెతకండి. కాశీయాత్రకి 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు వివరాలు జోడించి వేసిన ముద్రణ ఉంది. అది చేతిలో ఉంటే పక్కన పెద్దాయన కూర్చుని చెబుతున్నట్టే.

యాత్ర, చరిత్ర అయితే ఫోన్లో మ్యాపు తెరిచి పెట్టుకోండి. రోజుకి ఒక మజిలీ చొప్పున, అంటే పదేసి పేజీలు, రాత్రి భోజనాలయ్యాక చదివాను. ఫోన్ పక్కనే ఉంటే వాట్సాప్ పిలుస్తుంది, మ్యాపు కోసం ఫ్లైట్ మోడ్‌లోనూ పెట్టలేం, అందుకని ఫోన్ కంటే పాత రోడ్డు అట్లాసు ఇంకా నయం. సొంత పుస్తకమైతే చివరి తెల్ల కాగితం మీద మీ పదసూచిక మీరే రాసుకోండి: "పే. 47, చెరువు", "పే. 112, దొంగల భయం". పదే పది ఎంట్రీలు చాలు. లైబ్రరీ పుస్తకమైతే చీటీ మీద రాయండి, పెన్సిల్ జోలికి పోవద్దు. (ఆ "అబద్ధం!" రాసినాయనకి మాత్రం మినహాయింపు.)

5. "ఈయనకి ఎలా తెలిసింది?"

నాన్‌ఫిక్షన్‌లో అసలు మజా ఇక్కడుంది. అచ్చులో ఉంది కదా అని నమ్మేయకుండా, రాసిన మనిషికి ఆ సంగతి తెలిసే దారి ఏదో వెతకండి. కళ్లతో చూశాడా? ఇంకొకరు చెబితే విన్నాడా? శాసనం చదివాడా?

నా రెండో ప్రశ్న తిండి గురించి కదా. దానికోసం సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర తీశాను. 1949లో వచ్చిన పుస్తకం, తెలుగుకి మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దీనికే వచ్చింది. రాజుల వంశావళి పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడుకున్నారు అని ఆయన కావ్యాల్లోంచి ఏరారు. ఉదాహరణకి, ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకి (అప్పటి నాణెం) దొరికే భోజనం గురించి క్రీడాభిరామం అనే పాత కావ్యంలో ఒక పద్యం ఉంది. సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, పప్పు, నెయ్యి అంటూ నోరూరిస్తుంది. మరి ఆ విస్తరి ఊళ్లో అందరిదీనా, జేబులో రూక ఉన్నవాడిదేనా? కవి ఆకలి కూడా కొంచెం కలిసిందా? ఇలా అడుగుతూ చదివితే పేజీలు బరువనిపించవు.

జ్ఞాపకాల పుస్తకాల్లో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లని కలిసి, వాళ్ల మాటల్లోనే స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివి చూడండి. అదే పోరాటం మీద నాయకులు రాసిన పుస్తకం కూడా పక్కన పెట్టుకోండి. ఒకే కాలం, ఒకే పల్లెలు, అయినా రెండింట్లో కనబడే ఇళ్లు వేరు. ఒక విషయం మీద ఒకే పుస్తకం చదివి ఆగితే సగమే విన్నట్టు. వీలైతే ఎప్పుడూ జంటగా చదవండి.

6. నచ్చకపోతే వదిలేయండి

యాభై పేజీలు. అప్పటికీ మీ ప్రశ్న ఊసు లేకపోతే మూసేయండి. డబ్బు పెట్టాం కదా అని నెలల తరబడి తలగడ పక్కన పెట్టుకుంటే, దాని వెనక రావలసిన మంచి పుస్తకం రాకుండా పోతుంది. ఎవరికైనా ఇచ్చేయండి.

నచ్చితే దాని ఆధార గ్రంథాల పట్టికలోంచి ఒక్క పేరు మాత్రం రాసుకోండి. అదే మీ తర్వాతి పుస్తకం. చదివింది ఇంట్లో చెప్పడం కూడా అలవాటు చేసుకోండి. నేను కాశీయాత్ర సంగతులు అన్నం తింటూ చెబుతుంటే మా అమ్మాయి, "పల్లకీలో ఆయన కూర్చున్నాడు సరే నాన్నా, మోసినవాళ్లు ఏం తిన్నారు?" అంది. నాకు నోట మాట రాలేదు. నూరు మంది దాకా ఉన్న ఆ పరివారంలో నేను ఒక్క మనిషి వెంటే నడిచాను.

మళ్లీ మొదటి నుంచి తిరగేశాను, ఈసారి బోయీల కోసం. వాళ్ల మాట వచ్చిన చోటల్లా చీటీ పెడుతున్నాను. బోయీల వైపు నుంచి ఎవరైనా రాసిన పుస్తకం కోసం లైబ్రేరియన్‌ని అడిగితే కళ్లజోడు పైకి తోసుకున్నాడు గానీ, ఈసారి వెంటనే పేరు చెప్పలేదు. వచ్చే ఆదివారం కోఠీ వెళ్తున్నాను.