వైద్య కోడింగ్ స్వయంబోధిని – 7వ పాఠం: కృత్రిమ కాంతి, అతినీలలోహిత కిరణాలు

ఎండ వల్ల కలిగే హానికి, అది దేనివల్ల జరిగిందో తెలిపే ‘బాహ్య కారణం’ కోడ్‌గా ఎక్స్ 32 వేయాలని గత పాఠంలో నేర్చుకున్నాం. వెల్డింగ్ ఆర్క్, ట్యానింగ్ బెడ్, క్రిమిసంహారక దీపం వంటి మనిషి చేసిన వెలుగులకు మాత్రం ఆ కోడ్ వర్తించదు. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-10-సీఎం అనే వ్యాధి కోడ్‌ల జాబితాలో వీటికి డబ్ల్యూ 89 అనే వేరే వర్గం ఉంది. లేజర్, పరారుణ కిరణాలు పక్కనున్న డబ్ల్యూ 90 కిందికి వస్తాయి.

డబ్ల్యూ 89లో నాలుగు విభాగాలున్నాయి. వెల్డింగ్ వెలుగుకు .0, ట్యానింగ్ బెడ్‌కు .1 వాడతాం. మూలం ఏమిటో రికార్డులో స్పష్టంగా ఉండి, దానికి ప్రత్యేక కోడ్ లేకపోతే .8, కృత్రిమ కాంతి అని తప్ప మరే వివరమూ లేకపోతే .9 వేయాలి. ఈ చివరి రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేయడం చాలామందికి అలవాటు. దీపం పేరు వైద్యుడు రాసి ఉండగా .9 వేస్తే, రికార్డులో ఉన్న సమాచారాన్ని మనమే చెరిపేసినట్టవుతుంది.

బాహ్య కారణం కోడ్ ఎప్పుడూ మొదటి స్థానంలో రాకూడదు. ముందు రోగికి ఏం జరిగిందో, ఆ తర్వాతే దేనివల్ల జరిగిందో రాయాలి. ఉదాహరణకు, వెల్డింగ్ చేసిన వ్యక్తి రెండు కళ్లలో మంటతో వచ్చి, వైద్యుడు ఫోటోకెరటైటిస్ (అతినీలలోహిత కిరణాల వల్ల కంటి ముందు పొరకు వచ్చే వాపు) అని నిర్ధారించి చికిత్స మొదలుపెడితే, ముందు హెచ్ 16.133, ఆ తర్వాత డబ్ల్యూ 89.0ఎక్స్ఎక్స్ఏ వస్తాయి. కుడి కన్నయితే 131, ఎడమ కన్నయితే 132. డబ్ల్యూ 89.0లో నాలుగు అక్షరాలే ఉన్నాయి కాబట్టి, చికిత్స దశను తెలిపే ఏడవ అక్షరం తన స్థానంలో పడేందుకు మధ్యలో రెండు ఎక్స్‌లు పెడతాం. ఫోటోకెరటైటిస్ కోడ్‌కు ఏడవ అక్షరమే లేదు కనుక, చికిత్స ఏ దశలో ఉందో ఈ జంటలో బాహ్య కారణం కోడ్ ఒక్కటే చెబుతుంది. అందువల్ల దాన్ని మరింత శ్రద్ధగా ఎంచుకోవాలి. ‘ఏ’ అంటే మొదటిసారి రావడం కాదు, క్రియాశీల చికిత్స సాగుతున్న దశ. అది ముగిసి, మానే దశలో జరిగే పరీక్షలకు ‘డి’, తర్వాత మిగిలిపోయిన పర్యవసానాలకు ‘ఎస్’ వాడతాం.

చర్మం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ట్యానింగ్ బెడ్ వల్ల చర్మం కందితే ఎండకు చర్మం కందడానికి (సన్‌బర్న్) చెందిన ఎల్ 55 వేయాలనిపిస్తుంది. కానీ అక్షరక్రమ సూచికలో సన్‌బర్న్ అనే పదం కింద ట్యానింగ్ బెడ్ దగ్గరికి వెళ్తే, తీవ్ర దశకు ఎల్ 56.8, దీర్ఘకాలిక మార్పులకు ఎల్ 57.8 చూపిస్తుంది. ఎల్ 56, ఎల్ 57 రెండింటి కిందా కిరణాల మూలాన్ని అదనపు కోడ్‌తో తెలపాలన్న సూచన ఉంది. అక్కడే డబ్ల్యూ 89.1 చేరుతుంది. సూచికను చూడకుండా జ్ఞాపకం మీద కోడ్ వేయవద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ప్రమాద స్థలాన్ని తెలిపే వై 92, ఆ సమయంలో వ్యక్తి ఉద్యోగ విధుల్లో ఉన్నారా వంటి స్థితిని తెలిపే వై 99 కోడ్‌లను తొలి చికిత్స సందర్భంలో ఒక్కసారే వేస్తాం. డబ్ల్యూ 89ను మాత్రం చికిత్స సాగినంత కాలం, తగిన ఏడవ అక్షరంతో కొనసాగించవచ్చు.

అభ్యాసం: క్రిమిసంహారక అతినీలలోహిత దీపం వెలుగుతున్న గదిలో పనిచేసిన ఉద్యోగికి ఎడమ కంటిలో ఫోటోకెరటైటిస్ వచ్చింది. చికిత్స ముగిశాక, కన్ను మానుతున్నదో లేదో చూపించుకోవడానికి ఆమె తిరిగి వచ్చారు. కోడ్‌లను వరుసక్రమంలో రాయండి. వై 99 వేస్తారో లేదో కారణంతో తెలపండి.