పలెర్మోలో స్ట్రీట్ ఫుడ్ టూర్: పేరు చూసి నోట్లో పెట్టుకోకండి

మొన్న ఏప్రిల్‌లో అమ్మని తీస్కుని ఇటలీలోని సిసిలీ దీవిలో పలెర్మో వెళ్లొచ్చా. నేనుండేది జర్మనీలో, అమ్మ విజయవాడ నుంచి మూడు నెలలకి వచ్చింది, మ్యూజియంలు చర్చిలు అంటే రెండో రోజుకే ఆవిడకి కాళ్లు నొప్పులొస్తాయి కానీ బజారు అంటే మాత్రం నాకంటే ముందు నడుస్తుంది. అందుకే గైడ్‌తో స్ట్రీట్ ఫుడ్ వాకింగ్ టూర్ బుక్ చేశా. తిరిగొచ్చాక ముగ్గురు నలుగురు ఫ్రెండ్స్ ఎలా బుక్ చేశావ్, ఆంటీ ఏం తింది, బీఫ్ గొడవ రాలేదా అని అడిగారు, ఒక్కొక్కళ్లకి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా.

ముందు ఒక మాట. గైడ్ లేకుండా వెళ్లలేమా అంటే వెళ్లొచ్చు, రోడ్డు మీద తిండే కదా, టూర్‌లో పెట్టేవన్నీ మీరే కొనుక్కుంటే మనిషికి 15 నుంచి 20 యూరోలు మించదు. టూర్‌కి దానికి మూడు రెట్లు పెడతాం. ఆ తేడా దేనికంటే, బండి మీద ఉన్నదాంట్లో ఏ మాంసం ఉందో, ఏ నూనెలో వేగిందో సిసిలియన్ భాషలో అడిగి మనకి ఇంగ్లీష్‌లో చెప్పే మనిషికి. మనవాళ్లలో కొంతమంది వెజ్, మిగతావాళ్లలో చాలామంది బీఫ్ ముట్టరు, కాబట్టి మొదటిరోజు గైడ్‌తో వెళ్లి మిగతా రోజులు సొంతంగా తిరగడం బెస్ట్ అని నా లెక్క.

బుకింగ్ సంగతి. పొద్దున టూర్లు, సాయంత్రం టూర్లు రెండూ ఉంటాయి, నన్నడిగితే కళ్లు మూస్కుని పొద్దునది తీస్కోండి. బల్లరో, కాపో అనే రెండు పెద్ద బజార్లు పొద్దునపూటే కళకళలాడతాయి, చేపలు కూరగాయలు అమ్మేవాళ్ల అరుపులు అప్పుడే వినాలి. సాయంత్రం టూర్లు ఎక్కువగా వుచ్చిరియా వైపు తిప్పుతాయి, అది ఒకప్పుడు పెద్ద మార్కెటే కానీ ఇప్పుడు రాత్రిపూట కుర్రాళ్లు మందు తాగే చోటులా అయిపోయింది, ఫ్రెండ్స్‌తో అయితే ఓకే, అమ్మతో అయితే వద్దు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత బజార్లు ఖాళీ, ఆగస్టు 15 చుట్టుపక్కల ఊరంతా సెలవు మూడ్‌లో ఉంటుంది పైగా ఎండ మన మే నెలే, ఆ రోజులు తప్పించండి. ఫ్రీ టూర్ అని కనిపిస్తే అది చివర్లో టిప్ ఇచ్చే టూర్, తిండి ఖర్చు చాలాసార్లు మనదే, అది చూసుకుని క్లిక్ చేయండి.

నేను చేసిన తప్పేంటంటే క్యాలెండర్ చూడకుండా శనివారానికి బుక్ చేశా. అమ్మకి చెప్పగానే "శనివారం కదే, ఒక్కపొద్దు కదా" అంది. అదృష్టం కొద్దీ 24 గంటల ముందు దాకా తేదీ మార్చుకునే ఆప్షన్ ఉంది కాబట్టి శుక్రవారానికి జరిపా. మీ ఇంట్లో శనివారాలు, సోమవారాలు, ఏకాదశులు ఉంటే ముందు పెద్దవాళ్లని అడగండి.

బుక్ చేసేటప్పుడే మెసేజ్ బాక్స్‌లో మీ తిండి సంగతి రాసేయండి, టూర్ రోజు పొద్దున చెప్తే గైడ్ మాత్రం ఏం చేస్తాడు, దుకాణాలు ముందే మాట్లాడి పెట్టుకుని ఉంటారు. వెజిటేరియన్ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు, అక్కడ చేపని మాంసం లెక్కలో వేయని వాళ్లు ఉంటారు. మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు అని ఏవి తినరో ఒక్కొక్కటి పేరు పెట్టి రాయండి, బీఫ్ మాత్రమే వద్దంటే దూడమాంసం కూడా వద్దని కలిపి రాయండి, ఎందుకంటే అక్కడ దూడకి వేరే పేరు, బీఫ్ అంటే మన ఉద్దేశంలో అదీ ఉందని వాళ్లకి తట్టదు. నోటితో చెప్పాల్సొస్తే "సెన్సా కార్నె, సెన్సా పెషె" అనండి, మాంసం లేకుండా చేప లేకుండా అని.

టూర్ రోజు పొద్దున టిఫిన్ చెయ్యకండి. సీరియస్‌గా చెప్తున్నా. మేం హోటల్లో ఫ్రీ కదా అని రెండు క్రొసాంట్లు లాగించి వెళ్లాం, మూడో స్టాప్‌కే నాకు చాలనిపించింది, ఇంకా నాలుగు ఉన్నాయి. ఒక కాఫీ తాగి వెళ్లండి చాలు. చెప్పులు జారనివి వేస్కోండి, బజారు నేలంతా బలాతె అనే నున్నటి రాతి పలకలు, చేపల బండ్ల నీళ్లతో ఎప్పుడూ తడిగా ఉంటాయి. ఎంత తడి అంటే పలెర్మోలో ఏదైనా ఎప్పటికీ జరగదు అని చెప్పాలంటే "వుచ్చిరియా రాళ్లు ఆరినప్పుడు" అంటారట, మన కాకులు తెల్లనైనప్పుడు లాగా అన్నమాట. చిల్లర యూరోలు, ఒక నీళ్ల బాటిల్, టిష్యూలు, అంతే. బ్యాగ్ ముందుకి వేస్కోండి, సందుల్లో స్కూటర్లు వెనకనుంచి వస్తాయి, హారన్ కొడితే గోడకి అతుక్కుపోవాలి, అది మనకి కొత్తేం కాదు లెండి.

చాలా టూర్లు మాస్సిమో థియేటర్ మెట్ల దగ్గర మొదలవుతాయి, 1897లో తెరిచిన పెద్ద ఒపెరా హాలు, మెట్లకి రెండు వైపులా కంచు సింహాలు, గుర్తుపట్టకపోవడం కష్టం. పది నిమిషాలు ముందే ఉండండి, గ్రూపు కదిలాక ఆ సందుల్లో వెతుక్కోవడం మన వల్ల కాదు. అక్కడ్నుంచి కాపో బజారు దగ్గరే, కరీనీ గేటు నుంచి లోపలికి వెళ్తే మొదలు. మొత్తం మూడు గంటలు, నడక తక్కువే కానీ నిలబడటం ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే కూర్చునే చోట్లు ఎక్కడున్నాయని గైడ్‌ని మొదట్లోనే అడగండి.

లోపలికి అడుగుపెట్టగానే అరుపులు. వీటికి అబ్బన్నియాతా అని పేరు కూడా ఉంది, పాటలా సాగదీసి అరుస్తారు. అమ్మ ఆగిపోయి విని "మన కాళేశ్వరరావు మార్కెట్ లాగే ఉందే" అంది. ఈ ఊరిని 831లో అరబ్బులు తీస్కున్నారు, 1072లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చారు, ఆ రెండు వందల ఏళ్లలో వచ్చినవి బజార్లలో, మాటల్లో, తిండిలో అలాగే ఉండిపోయాయి. పైన చెప్పిన బలాతె కూడా అరబ్బు మాటే. వాళ్ల కాలంలోనే సిసిలీలో నిమ్మ, నారింజ తోటలు పెరిగాయని చెప్తారు, తర్వాత నార్మన్ రాజులు కట్టించిన భవనాలకి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అవి మధ్యాహ్నం చూస్కోండి, తిండి టైంలో కాదు.

ఇక పనెల్లె. దీని కోసమే మనవాళ్లు పలెర్మో వెళ్లాలి. శనగపిండిని నీళ్లు, ఉప్పుతో కలిపి పొయ్యి మీద గరిటె ఆపకుండా తిప్పుతూ గట్టిగా ముద్దలా ఉడికిస్తారు, కొత్తిమీరకి చుట్టంలాంటి పార్స్లీ ఆకు తరిగి వేస్తారు, పల్చగా పరిచి ఆరనిచ్చి ముక్కలు కోసి నూనెలో వేస్తారు. పైన కరకర, లోపల మెత్తగా. నువ్వులు అద్దిన బన్నులో నాలుగైదు పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. బజ్జీ కాదు, ఎందుకంటే పిండి ముందే ఉడికింది, జారుపిండి వెయ్యరు, సోడా పొంగు ఉండదు. కారం సున్నా. అమ్మ మొదటి ముక్క తిని "బానే ఉంది కానీ చేసినవాడు పచ్చిమిరపకాయ మర్చిపోయాడు" అంది, రెండోది తిని ఏం అనలేదు, మూడోది నా బన్నులోంచి తీస్కుంది. దీంతో పాటే క్రొక్కె ఇస్తారు, ఆలుగడ్డ ముద్ద వేళ్లలా చేసి వేయించినవి, మన ఆలూ బోండాకి తొడుగు తీసేసినట్టు, కొందరు చీజ్ కలుపుతారు. వీటికి ఊళ్లో ఇంకో పేరుంది, దాని అర్థం గైడ్‌ని అడగండి కానీ అమ్మానాన్నలు పక్కన ఉన్నప్పుడు అడగొద్దు.

ఒక్క విషయం, అదే నూనెలో ఇంకేమైనా వేయించారా అని అడగండి. కొన్ని చోట్ల చేపలు కూడా అందులోనే వేస్తారు. అచ్చంగా పనెల్లె, క్రొక్కె మాత్రమే వేసే బండ్లు ఉన్నాయి, గైడ్‌కి తెలుసు.

అసలు మోసం అరంచీనా దగ్గర మొదలవుతుంది. కుంకుమపువ్వు వేసిన అన్నాన్ని నారింజపండంత ఉండ చేసి లోపల కూరం పెట్టి బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు, పేరు కూడా నారింజ నుంచి వచ్చిందే. పలెర్మోలో గుండ్రంగా ఉంటుంది, ఆడ పేరు, అరంచీనా. అదే కతానియాలో కొన్నిచోట్ల కోసుగా చేసి మగ పేరు పెట్టి అరంచీనో అంటారు, రెండు ఊళ్లకీ దీని మీద మన ఉలవచారు ఎవరిది అన్నంత పట్టింపు, పలెర్మోలో నిలబడి అరంచీనో అన్నారంటే బండివాడు సరిచేసి కానీ ఇవ్వడు. దీంట్లో రెండు ముఖ్యమైన రకాలు, ఒకటి రగూ, అంటే మాంసం. రెండోది "అల్ బుర్రో", అంటే వెన్నతో. వెన్న కదా వెజ్ అనుకుని నేను చెయ్యి చాపా, గైడ్ ఆపింది, లోపల హామ్ ఉంటుందట, పంది మాంసం ముక్కలు చీజ్‌లో కలిసిపోయి బయటకి కనపడవు. పాలకూర పెట్టినవి కొన్ని చోట్ల దొరుకుతాయి, అవి అడగండి, అందులోనూ హామ్ లేదని కన్ఫర్మ్ చేస్కున్నాకే కొరకండి. డిసెంబర్ 13న సాంతా లుచీయా పండగ, ఆరోజు ఊళ్లో బ్రెడ్డు, పాస్తా ముట్టరు, అంతా అరంచీనాలే, ఆ టైంలో వెళ్తే రకాలు ఎక్కువ.

రెండో మోసం స్ఫించోనె. చూడ్డానికి మందపాటి స్పాంజి పిజ్జా, పైన టమాటా, ఉల్లిపాయ, చీజ్, బ్రెడ్ పొడి. అచ్చం వెజ్. కానీ ఆంకోవీ అనే చిన్న చేపని ఉప్పులో ఊరబెట్టి సాస్‌లో కరిగించేస్తారు, ముక్క కనపడదు, చేప వాసన కూడా పెద్దగా రాదు. చేప తినేవాళ్లకి మాత్రం చాలా బావుంటుంది, నేను రెండు తిన్నా.

మాంసం వైపు సంగతి కొంచెం తొందరగా చెప్పేస్తా. పానీ కా మేవుసా అంటే దూడ ప్లీహం, ఊపిరితిత్తులు ఉడికించి పంది కొవ్వులో వేయించి బన్నులో పెట్టేది. ఉత్తగా నిమ్మరసంతో ఇస్తే పెళ్లికానిది అంటారు, పైన రికోట్టా అనే పనీర్ లాంటి మెత్తటిది, చీజ్ వేస్తే పెళ్లయింది అంటారు, ఇది మాత్రం నాకు భలే నచ్చింది, తినకపోయినా. ఫ్రిట్టోలా కూడా దూడదే, గుడ్డ కప్పిన బుట్టలోకి చెయ్యి పెట్టి చూడకుండా తీసిస్తాడు, ఏం వస్తే అది. స్టిగ్గియోలా అంటే గొర్రె పేగుల్ని ఉల్లికాడల చుట్టూ చుట్టి బొగ్గుల మీద కాల్చడం, పొగ వీధి చివరిదాకా వస్తుంది, మనదగ్గర బోటి ఇష్టంగా తినేవాళ్లు దీన్ని వదలొద్దు, కాకపోతే కొన్నిచోట్ల దూడ పేగులు కూడా వాడతారు, అడిగి తినండి. వద్దనుకుంటే "నో గ్రాత్సియె" అని నవ్వితే చాలు, ఎవరూ ఫీలవ్వరు. మా గ్రూపులో ఒకాయన మొహమాటానికి ప్లీహం బన్ను తీస్కుని గంటసేపు చేతిలో పట్టుకుని తిరిగాడు, అలా చెయ్యకండి.

ఇద్దరు వెళ్తే ఒక ముక్క పంచుకోండి, అన్నీ రుచి చూడాలంటే అదొక్కటే దారి. పళ్లు కూరగాయలు మనలా చేత్తో నొక్కి ఏరకూడదు, అమ్మేవాళ్లే ఏరిస్తారు, అమ్మ ఒక టమాటా నొక్కింది, ఆ కొట్టావిడ చూసిన చూపుకి మళ్లీ ముట్టుకోలేదు. మనుషుల ఫొటోలు తీసేముందు అడగండి. బాత్రూంకి ఏదైనా బార్‌లోకి వెళ్లి ఒక కాఫీ కొంటే సరిపోతుంది, అక్కడ బార్ అంటే కాఫీ షాపే, కంగారు పడొద్దు.

చివర్లో కన్నోలి ఇస్తారు, గొట్టంలా వేయించిన పెంకులో గొర్రెపాల రికోట్టా నింపినది. ముందే నింపి అద్దాల వెనక పెట్టినవి మెత్తబడిపోతాయి, మీ కళ్లముందు నింపేచోట తినండి. ప్యూర్ వెజ్ వాళ్లకి ఇది మూడో మోసం, పెంకు పిండిలో పంది కొవ్వు కలపడం పాత పద్ధతి, వేయించేదీ అందులోనే. ఇప్పుడు నూనె, వెన్న వాడేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడగండి, అనుమానం ఉంటే గ్రనీతా అనే ఐసు తీస్కోండి, నిమ్మకాయది అయితే అందులో నీళ్లు, పంచదార, నిమ్మరసం తప్ప ఏం ఉండదు.

టిప్ ఇటలీలో తప్పనిసరి కాదు, డబ్బులు కట్టిన టూర్‌కి బాగా చూస్కుంటే ఐదో పదో యూరోలు ఇస్తే సంతోషిస్తారు. వచ్చేముందు గైడ్ చేత వెజ్ దొరికే రెండు మూడు బండ్లు ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టించుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, నాకు ఆ మూడు చుక్కలే మిగతా నాలుగు రోజులు అన్నం పెట్టాయి.

మర్నాడు శనివారం. రాత్రికి పలహారం ఏంటమ్మా అని అడిగితే, శనగపిండే కదా, ఆ బండివాడు అందులో ఇంకేం వేయించట్లేదని ఆ గైడ్ పిల్ల చెప్పింది కదా అని నేను చెప్పులేసుకునేలోపే మెట్లు దిగిపోయింది. నేను వెళ్లేసరికి రెండు వేళ్లు చూపించి రెండు బన్నులు తీస్కుని, చిల్లర లెక్కపెట్టుకుంటూ, నిమ్మచెక్క ఇంకోటి ఇమ్మని తెలుగులో అడుగుతోంది, వాడు ఇచ్చాడు కూడా.