ఐర్లండ్‌లో మేధో వైకల్య నర్సింగ్ డిగ్రీ ఎలా చదవాలి?

నర్సింగ్ అనగానే ఐర్లండ్‌లోని మన తెలుగు కుటుంబాలకు జనరల్ నర్సింగ్ ఒక్కటే గుర్తొస్తుంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసమే ఇక్కడ నాలుగేళ్ల డిగ్రీ, ప్రత్యేక రిజిస్టరు ఉన్నాయి. ఈ శిక్షణ 1959లో మొదలైంది, 2002లో డిగ్రీ స్థాయికి వచ్చింది. ప్లేస్‌మెంట్‌కు, అంటే పనిచోట శిక్షణకు, వచ్చే విద్యార్థులకు నేను ప్రిసెప్టర్‌ని, అంటే పక్కనుండి పని నేర్పే నర్సుని. ఒకే పొరపాటు ఏటా చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

1. దరఖాస్తు

ఇందులో కష్టమేమీ లేదు. కాలేజీ సీట్ల దరఖాస్తులు తీసుకునే కేంద్ర సంస్థ సీఏఓలో ఫిబ్రవరి 1 సాయంత్రం 5 గంటలలోపు దరఖాస్తు చేయాలి. ట్రినిటీ, డబ్లిన్ సిటీ యూనివర్సిటీ, లిమరిక్ సహా పలుచోట్ల ఈ కోర్సు ఉంది. జనవరి 1 నాటికి 23 ఏళ్లు నిండి, పెద్దవయసు అభ్యర్థులుగా సీటు కోరేవారు విడిగా ఒక పరీక్ష రాయాలి. జనరల్ రాకపోతే ఇందులో చేరదాంలే అనుకునేవారు దరఖాస్తులో ఈ కోర్సు అసలు పెట్టకండి.

2. కాగితాలు, సామగ్రి

గార్డా వెట్టింగ్, అంటే పోలీసు తనిఖీ, తప్పనిసరి. హెపటైటిస్ బి టీకా డోసులు పూర్తికావడానికి నెలలు పడుతుంది, ఆఫర్ రాగానే మొదలుపెట్టండి. మెత్తని నల్ల బూట్లు, సెకన్ల ముల్లున్న గడియారం, జేబులో పట్టే నోటుపుస్తకం కొనుక్కోండి. మూర్ఛ 5 నిమిషాలు దాటితే అత్యవసర పరిస్థితి, అందుకే ఆ గడియారం. ఫోనులో రాసుకోవద్దు. మీరు తెర వైపు చూస్తున్నంతసేపూ మనిషిని చూడరు.

3. తరగతులు

శరీర శాస్త్రం, మందులు, మూర్ఛ వ్యాధి చదివితే వస్తాయి. నిర్ణయాధికారం గురించిన 2015 నాటి చట్టం 2023 ఏప్రిల్ 26న అమల్లోకి వచ్చింది. దాన్ని శ్రద్ధగా చదవండి. వయోజనులెవరైనా తమ నిర్ణయం తాము తీసుకోగలరన్న భావనతోనే మనం మొదలుపెట్టాలి. మాటతో పాటు వాడే లావ్ (Lámh) చేతి సంకేతాలు మాత్రం మొదటి ఏడాదిలోనే నేర్చుకోవాలి.

4. మొదటి ప్లేస్‌మెంట్

తప్పటడుగు పడేది ఇక్కడే. విద్యార్థి రాగానే ఫైలు తెరుస్తాడు. ‘కొడతాడు’, ‘అరుస్తాడు’, ‘తిండి దగ్గర మొండికేస్తాడు’ అని ఎవరో ఎప్పుడో రాసిన మాటలు తలకెక్కించుకుంటాడు. ఇక ఆ మనిషి ఏం చేసినా ఆ మాటలే కనిపిస్తాయి.

ఫైలులో ముందుగా చదవాల్సినవి మూడే: ఏం ఎలా తినాలి, మూర్ఛ వస్తే ఏం చేయాలి, ఏది పడదు. ఇవి చదవకుండా దగ్గరకు కూడా వెళ్లకండి. మీ భద్రతకు తెలియాల్సినవి ప్రిసెప్టర్‌ను అడగండి. మిగతా ఫైలు మొదటి వారమంతా మూసే ఉంచండి. ముందు అంతా చదివితేనే మంచిదని నా సహోద్యోగులు కొందరు వాదిస్తారు. వారి విద్యార్థులు రాసే నోట్సు పాత నోట్సుకు నకలులా ఉంటుంది, అందుకే నేను ఒప్పుకోను.

పక్కన కూర్చోండి. పొద్దున ఎలా లేస్తారు, కప్పు ఏ చేత్తో పట్టుకుంటారు, ఆకలేస్తే ఎటు చూస్తారు, ఏ నొప్పీ లేనప్పుడు ముఖం ఎలా ఉంటుంది? ఇవన్నీ రాసుకోండి. ‘కోపంగా ఉన్నాడు’ అని రాయకండి. ‘10:40, ఎడమ చెవిపై అరచేత్తో మూడుసార్లు కొట్టుకున్నాడు, భోజనం ముట్టలేదు’ అని రాయండి.

మాట రాని మనిషి మామూలు రోజున ఎలా ఉంటారో తెలిసినవారికే జబ్బు చేసిన రోజున తేడా తెలుస్తుంది. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ‘మొండితనం’ కింద నమోదైపోతుంటాయి. మేం చూసుకునే ఒకాయన సాయంత్రాలు దవడ మీద కొట్టుకునేవారు. శాంతపరిచే మందు మోతాదు పెంచుదామన్న మాట కూడా వచ్చింది. ఆయన ఎప్పుడూ కుడివైపు నమిలే రొట్టెను ఎడమవైపు నములుతున్నారని మూడో ఏడాది విద్యార్థిని ఒకమ్మాయి తన నోటుపుస్తకం తెరిచి చూపించింది. దంతవైద్యుడు చూస్తే కుడివైపు పంటి వేరు దగ్గర చీము. పన్ను తీశాక కొట్టుకోవడం ఆగిపోయింది.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి నలభై దాటాక అల్జీమర్స్ ముప్పు చాలా ఎక్కువ. థైరాయిడ్ మందగించినా అల్జీమర్స్‌లాంటి మందకొడితనమే వస్తుంది. అందుకే చురుకుదనం తగ్గిందనిపిస్తే వయసు మీద తోసేయకుండా రక్తపరీక్ష జరిగిందో లేదో అడగండి.

తినిపించడం దగ్గర మరీ జాగ్రత్త. నిలబడి తినిపించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తినేవారు నిటారుగా కూర్చున్నారో లేదో చూసి, మీరు వారి కంటి ఎత్తున కూర్చోండి. సగం చెంచానే పెట్టండి. గొంతు ముడి పైకి లేచి దిగాక, నోరు ఖాళీ అయిందని చూశాకే తరువాతి చెంచా. తాగిన వెంటనే గొంతు తడిగా, గరగరమంటూ వినిపిస్తే అక్కడే ఆపి ప్రిసెప్టర్‌ను పిలవండి, ద్రవం ఊపిరితిత్తుల వైపు పోతుండవచ్చు. పానీయాల చిక్కదనానికి, ఆహారం మెత్తదనానికి 0 నుంచి 7 వరకు స్థాయిలున్నాయి. పానీయాన్ని చిక్కబరిచే పొడిని కొలిచే కలపాలి, కంటి అంచనా పనికిరాదు.

5. నాలుగో ఏడాది

36 వారాల ఇంటర్న్‌షిప్‌లో జీతం వస్తుంది, బాధ్యత కూడా మీదే. డిగ్రీ పూర్తయ్యాక ఐర్లండ్ నర్సింగ్ బోర్డు అయిన ఎన్‌ఎంబీఐ రిజిస్టరులో మేధో వైకల్య విభాగానికి దరఖాస్తు చేయాలి. ఈ విభాగంలో పేరు ఉన్నంత మాత్రాన జనరల్ విభాగంలో ఉన్నట్టు కాదు. తిరిగి వెళ్లి తెలంగాణలోనో ఆంధ్రలోనో పనిచేసే ఆలోచన ఉంటే, రిజిస్ట్రేషన్ సంగతి అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌ను అడిగి మొదటి ఏడాదిలోనే తేల్చుకోండి.