లారీ ఛాసిస్ మీద పైపై తుప్పు: పెయింట్ కొట్టే ముందు చెయ్యాల్సిన పని

లారీ బరువు మోసే కింది ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కి, నల్ల పెయింట్ కొట్టిన కొత్తలో ఏ బండి అయినా బాగానే కనిపిస్తుంది, అసలు సంగతి కొన్ని నెలలు పోయాక బయటపడుతుంది. బుడగలు లేచి పెచ్చులు ఊడుతుంటే అందరూ పెయింట్‌నే తిడతారు గానీ చాలావరకు తప్పు దానిది కాదు, దాని కింద మనం వదిలేసిన తుప్పుది, జిడ్డుది, తడిది. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందుకన్నా రెండింతలకు పైనే చోటు కావాలి దానికి, అందుకే కింద మిగిలిపోయిన తుప్పు పెరిగేకొద్దీ పైనున్న పొరని లోపల్నుంచి నెట్టేస్తుంది. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఒక్క విషయం కోసమే: రంగుకి ముందు వేసే మొదటి పొర, అంటే ప్రైమర్, తగిలే సమయానికి ఇనుము శుభ్రంగా, గరుకుగా, పొడిగా ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా పైన ఎంత ఖరీదైన పెయింట్ వేసినా ఉపయోగం ఉండదు.

ముందు అది నిజంగా పైపై తుప్పేనా అన్నది చూసుకోండి. ఒక చిన్న సుత్తి తీసుకుని సైడ్ మెంబర్ల (రెండు వైపులా ఉండే పొడుగు దూలాల) పొడుగునా, వాటిని అడ్డంగా కలిపే క్రాస్ మెంబర్లు కలిసే చోట, కమాన్ పట్టీల బ్రాకెట్ల దగ్గర కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది, తినేసిన ఇనుము మొద్దుగా డబ్‌మంటుంది. గోధుమరంగు పొడిలా చేతికి అంటుకుంటే పైపై తుప్పు, దాంతో భయం లేదు. పొరలు పొరలుగా లేస్తుంటే కొంచెం లోతుగా పోయినట్టు, గీకాక ఎంత మందం మిగిలిందో చూడాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయినా, చిల్లులు కనబడినా, రెండు రేకులు కలిసిన చోట మధ్యలో తుప్పు ఉబ్బి రివెట్ల మధ్య ప్లేట్ వంగినా ఇది పెయింట్ పని కాదు, ఛాసిస్ రిపేర్ తెలిసినవాళ్లకి చూపించాలి. పెద్ద లారీల ఛాసిస్ చాలావాటికి హై టెన్సైల్ స్టీల్ వాడతారు, కొన్నిటికి హీట్ ట్రీట్‌మెంట్ కూడా ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ వెల్డింగ్ పెట్టినా గ్యాస్ కట్టర్‌తో కాల్చినా బలం పోతుంది. చిల్లు మీద లప్పం పెట్టి రంగేసి మూసేయడం మాత్రం ఎవ్వరూ చెయ్యొద్దు, బరువు మొత్తం మోసేది ఆ ఇనుమే.

పని మొదలుపెట్టే ముందు చక్రాలకి అడ్డం పెట్టి, కిందికి దూరాల్సి వస్తే జాకీ మీద నమ్మకం పెట్టకుండా స్టాండ్ల మీద నిలబెట్టండి. బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. డీజిల్ ట్యాంక్, ఇంధనం పైపులు, బ్రేక్ గాలి పైపులు, వైరింగ్ పక్కన గ్రైండర్ నిప్పురవ్వలు వద్దు, వీలైతే అవి విప్పి పక్కకి కట్టండి, కుదరకపోతే అక్కడ చేత్తోనే గీకండి. వైర్ కప్ బ్రష్ తిరిగేటప్పుడు దాని తీగలు ఊడి సూదుల్లా వచ్చి గుచ్చుకుంటాయి, అందుకని కళ్లద్దాలు పెట్టుకుని దానిమీద ఫేస్ షీల్డ్ కూడా వేసుకోవాలి, బ్రష్ మీద రాసిన ఆర్‌పీఎం గ్రైండర్ ఆర్‌పీఎం కన్నా తక్కువైతే దాన్ని తగిలించొద్దు. పాత బండ్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి దుమ్ముకి సరిపడే మంచి మాస్క్ తప్పనిసరి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఆ దుమ్ముని ఆపదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఛాసిస్ నంబర్ చెక్కిన చోటు ఎక్కడుందో ముందే వెతికి టేప్ వేసేయండి, అక్కడ గ్రైండర్ పెట్టొద్దు. అంకెలు అరిగిపోతే బండి కాగితాల దగ్గర పెద్ద తలనొప్పి. ఆ కాస్త చోటు మెత్తటి బ్రష్‌తో చేత్తో తోమి, చివర్లో పల్చగా రంగు వేస్తే చాలు. ఎర్త్ వైర్ బోల్ట్‌లు, రబ్బరు బుష్‌లు, బ్రేక్ హోస్‌లు, సెన్సార్లు, మరలు, నీళ్లు కారే రంధ్రాలు, ఇవన్నీ కూడా కప్పాల్సినవే.

ఇప్పుడు కడగడం. చాలామంది నేరుగా వైర్ బ్రష్ అందుకుంటారు, అది తప్పు వరస. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ ఉన్న చోట బ్రష్ తిప్పితే జిడ్డు పోకపోగా గరుకుదనంలోకి ఇంకా లోపలికి రుద్దినట్టు అవుతుంది, తర్వాత ఎంత తుడిచినా మిగులుతుంది. అందుకే మొదట మట్టి గడ్డలు గీకేసి, డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) కొట్టి కాసేపు నాననిచ్చి, గట్టి బ్రష్‌తో తోమి, ప్రెషర్‌తో నీళ్లు కొట్టాలి. సైడ్ మెంబర్ లోపలి వైపు అడుగు అంచు మీద మట్టి బాగా పేరుకుని ఉంటుంది, ఆ మట్టి తడిని పట్టి ఉంచుతుంది, తుప్పు ఎక్కువగా మొదలయ్యేది కూడా అక్కడే, చెయ్యి పెట్టి తడిమి మరీ శుభ్రం చెయ్యండి. ఉప్పు తగిలే రోడ్లలో, సముద్రం పక్కన తిరిగే బండి అయితే ఇంకో రెండుసార్లు మంచినీళ్లతో కడగండి, గుంటల్లో దాక్కున్న ఉప్పు కంటికి కనబడదు గానీ పెయింట్ కింద తడిని లాక్కుని మళ్లీ తుప్పు పట్టిస్తుంది. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, ప్లేట్ల సందుల్లోకి, రివెట్ల చుట్టూ గాలి కొట్టి నీళ్లు బయటికి తోలాలి.

తర్వాత గీకడం, మొత్తం పనిలో ఎక్కువ టైం పట్టేది ఇదే, ఇక్కడ తొందరపడితే మిగతాదంతా దండగ. లేచిన పెచ్చులు ముందు స్క్రేపర్‌తో, ఉలితో లేపేయండి, ఆ పైన మెలితిప్పిన తీగల కప్ బ్రష్ గ్రైండర్‌కి పెట్టి తిప్పండి. ఒక చిక్కు ఏంటంటే వైర్ బ్రష్ ఎక్కువసేపు ఒకేచోట తిప్పితే తుప్పు పోకుండా పాలిష్ పట్టినట్టు నున్నగా ముదురు రంగులో మెరుస్తుంది, చూడ్డానికి శుభ్రమైన ఇనుములాగే ఉంటుంది. అలాంటి చోట గ్రైండర్‌కి పెట్టే ఎమరీ రేకుల చక్రం, అంటే 80 నంబర్ ఫ్లాప్ డిస్క్‌తో లేదా ఎమరీ పేపర్‌తో ఒకసారి తేలిగ్గా రుద్దితే లోపల ఎర్రగా ఏమన్నా మిగిలిందో తెలిసిపోతుంది, పైగా ప్రైమర్ పట్టుకోడానికి గరుకు కూడా వస్తుంది. ఫ్లాప్ డిస్క్ గట్టిగా నొక్కకండి, మంచి ఇనుము కూడా కోసేస్తుంది, ఛాసిస్ మందం తగ్గించడం మన పని కాదు. మూలల్లో, బోల్ట్‌ల చుట్టూ గ్రైండర్ దూరదు, అక్కడ చేతి బ్రష్, డ్రిల్‌కి పెట్టే చిన్న బ్రష్‌లే గతి. ఇసుక బ్లాస్టింగ్ చేయించగలిగితే దానికి మించింది లేదు, గుంటల అడుగు దాకా శుభ్రం చేసేది అదొక్కటే, కాకపోతే బేరింగ్‌లు, సీళ్లు, వైరింగ్ బాగా మూసేయాలి కాబట్టి బాడీ దించేసిన ఛాసిస్‌కే అది బాగా కుదురుతుంది.

గట్టిగా అంటుకుని ఉన్న పాత పెయింట్ మొత్తం తీసేయక్కర్లేదు. దాని అంచుని ఎమరీతో ఏటవాలుగా రుద్ది, వేలితో తడిమితే మెట్టు తగలకుండా చేసి, మిగతాది తేలిగ్గా గరుకు చేస్తే సరిపోతుంది.

తుప్పుని వేరే పొరగా మార్చే మందు, అంటే రస్ట్ కన్వర్టర్, గురించి అందరికీ డౌట్ ఉంటుంది. అందులో ఉండేది ఎక్కువగా ఫాస్ఫారిక్ యాసిడ్ లేదా టానిక్ యాసిడ్, ఒక్కోసారి రెండూ. మొదటిది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారిస్తే రెండోది నీలం కలిసిన నల్లరంగు పొరగా మారుస్తుంది. పని చేస్తుందా అంటే చేస్తుంది, కానీ అది గీకడానికి బదులు కాదు, గీకాక గుంటల్లో మిగిలిన కాస్త తుప్పు కోసం. మందంగా ఉన్న పెచ్చుల మీద పోస్తే పై పొర మాత్రం నల్లబడి కింద అంతా అలాగే ఉంటుంది. మెరిసే ఇనుము మీద టానిక్ యాసిడ్‌కి మార్చడానికి తుప్పే ఉండదు కాబట్టి అక్కడ వెయ్యక్కర్లేదు. కావాల్సినంత వేరే గిన్నెలో పోసుకుని పల్చగా రాయండి, వాడిన బ్రష్ డబ్బాలో ముంచితే మిగతా మందు కూడా పాడైపోతుంది. కడగాలా వద్దా, ఎన్ని గంటలు ఆగాలి అన్నది ఒక్కో మందుకి ఒక్కోలా ఉంటుంది, డబ్బా మీద రాసింది చదివి అదే చెయ్యండి. రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ వేద్దామనుకుంటే ముందు ఆ ప్రైమర్‌తో వచ్చే సూచనల కాగితం చూడండి, చాలా ఎపాక్సీలు యాసిడ్ మిగిలిన ఇనుము మీద సరిగ్గా అంటుకోవు. ఎపాక్సీ అయితే కన్వర్టర్ మానేసి బాగా గీకిన ఉత్త ఇనుము మీద వెయ్యడమే నాకు సరైన దారి అనిపిస్తుంది. ఇక బాత్రూంలు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ లాంటివి ఛాసిస్ మీద పొయ్యకండి, దాని క్లోరైడ్ సందుల్లో మిగిలి తుప్పుని ఇంకా పెంచుతుంది, కమాన్ పట్టీలు, హై టెన్సైల్ బోల్ట్‌ల మీద పడితే హైడ్రోజన్ లోపలికి పోయి అవి పెళుసుబారి విరిగే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది, ఛాసిస్ మొత్తం గీకి పెట్టుకుని రేపు రంగేద్దాం అనుకోవద్దు. గాలిలో తేమ ఉంటే కొన్ని గంటల్లోనే ఉత్త ఇనుము మీద పసుపు మచ్చలు వచ్చేస్తాయి. ఒక రోజులో గీకి, తుడిచి, ప్రైమర్ వెయ్యగలిగినంత ముక్కే పట్టుకోండి, అది మూసేశాకే తర్వాతి ముక్క. గాలిలో తేమ 85 శాతం దాటినా, ఇనుము వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోయినా ఆరోజు రంగు పని వద్దు. తెల్లవారుజామున చల్లటి ఇనుము మీద కంటికి కనబడని చెమ్మ ఉంటుంది, కాస్త ఎండెక్కాక మొదలుపెట్టండి.

ప్రైమర్‌కి ముందు ఆఖరి తుడుపు రెండు గుడ్డలతో చెయ్యాలి, ఒకటి థిన్నర్‌తో తడిపింది, ఇంకోటి పొడిది. తడిగుడ్డతో రుద్దిన వెంటనే అది ఆరకముందే పొడిగుడ్డతో ఎత్తేయాలి, ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. గుడ్డ నల్లబడుతున్నంతసేపూ మారుస్తూ తుడవండి, ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోకండి.

ప్రైమర్‌లో రెడ్ ఆక్సైడ్ తేలిగ్గా దొరుకుతుంది, పనిచేస్తుంది కూడా, కానీ నీళ్లని పూర్తిగా ఆపదు, పైన ఆఖరి రంగు పొర, అంటే టాప్‌కోట్ లేకుండా వానలో వదిలేస్తే కింద తుప్పు మొదలవుతుంది. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ దీనికన్నా చాలా గట్టిది. జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్ మాత్రం ఉత్త ఇనుముకి నేరుగా తగిలితేనే కాపాడుతుంది, తుప్పు మీద, కన్వర్టర్ మీద వేస్తే ఆ లాభం రాదు. ఏది వేసినా ముందు చిన్న బ్రష్‌తో అంచులు, బోల్ట్ తలలు, రివెట్లు, వెల్డింగ్ గీతలు ఒక చుట్టు పూసి ఆ తర్వాత మొత్తం వెయ్యండి. పదునైన అంచు మీద రంగు నిలవదు, ఆరేటప్పుడు పక్కకి లాక్కుపోతుంది, రంగేసిన ఛాసిస్ మళ్లీ ముందుగా తుప్పు పట్టేది చాలావరకు ఆ అంచుల దగ్గరే.

టాప్‌కోట్ ఒకే మందపు పొర కాకుండా రెండు పల్చటి పొరలు వెయ్యండి, మధ్యలో ఎంతసేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది, ఆ టైం దాటిపోతే తేలిగ్గా ఎమరీ కొట్టి గానీ రెండోది వెయ్యొద్దు. హార్డ్‌నర్ కలిపే పాలీయురేథేన్ పెయింట్‌లో పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్‌లు ఉంటాయి, గన్‌తో కొడితే మామూలు మాస్క్ చాలదు, బయటి గాలి అందించే మాస్క్ లేకపోతే ఆ పెయింట్ జోలికి పోకండి. చక్రం హబ్‌కి ఆనుకునే ముఖం మీద, యూ బోల్ట్ బిగించే చోట్ల మందంగా రంగు వెయ్యొద్దు, అది నలిగి పల్చబడితే నట్లు వదులవుతాయి. పాత తుప్పు మీద రబ్బరు కోటింగ్ కొట్టించడం అయితే అసలు వద్దు, అంచు దగ్గర ఒక్కచోట లేచినా నీళ్లు లోపలికి దూరి బయటికి రావు, పైకి ఏమీ కనబడకుండా లోపల తినేస్తుంది.

ఛాసిస్ డబ్బాలా మూసి ఉండే రకం అయితే లోపలికి బ్రష్ పోదు, పొడుగు గొట్టం చివర అన్నివైపులా చిమ్మే నాజిల్ పెట్టి క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో పట్టించే మైనం) కొట్టాలి. ఇది బయటి పెయింట్ పూర్తిగా ఆరాకే, ఎందుకంటే సందుల్లోంచి కారిన వ్యాక్స్ మీద ఏ రంగూ అంటదు. కొట్టాక నీళ్లు కారే రంధ్రాలన్నిటిలో ఒక తీగ దూర్చి మూసుకుపోలేదని చూసుకోండి, టేపులన్నీ తీసి ఎర్త్ బోల్ట్‌లు శుభ్రంగా బిగించండి, పెయింట్ గట్టిపడేదాకా బండిని బురదలోకి, లోడుకి పంపకండి. ఆ తర్వాత కడిగినప్పుడల్లా కిందికి వంగి ఒకసారి చూస్తే రాయి తగిలి రంగు లేచిన చోట్లు దొరుకుతాయి, అవి చిన్నగా ఉన్నప్పుడే గీకి ప్రైమర్, రంగు అద్దేయొచ్చు.